బుర్సాను పట్టు లెక్కల్లో చదవాలి

టర్కీ వాయవ్యంలోని బుర్సా నగరం గురించి రాసేవారు చాలామంది ఒట్టోమన్ వంశపు తొలి పాలకులు ఉస్మాన్, ఒర్హాన్‌ల సమాధుల దగ్గర మొదలుపెడతారు. 1326లో నగరం ఒట్టోమన్ల వశం కావడం, వారికి తొలి పెద్ద రాజధానిగా వెలగడం, ఆ ప్రాధాన్యం తర్వాత ఎదిర్నెకు, 1453 తర్వాత ఇస్తాంబుల్‌కు తరలిపోవడం చెప్పి కథ ముగిస్తారు. ఆ తర్వాతి దాదాపు ఆరు శతాబ్దాల జీవితం వారి దృష్టిలో ఒక అనుబంధం మాత్రమే. 2014లో యునెస్కో ఈ నగరాన్ని, దాని పక్కనున్న జుమాలికిజిక్ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా ఒట్టోమన్ సామ్రాజ్య జన్మస్థలమన్న పేరుతోనే చేర్చింది. ఆ పేరులో అసత్యం లేదు. కానీ ఒక నగరాన్ని అది కన్న రాజవంశం పేరుతో మాత్రమే గుర్తుపెట్టుకుంటే, ఆ రాజవంశానికి అన్నం పెట్టిన నగరం మన కంటికి ఆనకుండా పోతుంది. బుర్సాను సమాధుల వరుసలో కాక పట్టు లెక్కల్లో, అద్దె చిట్టాల్లో, న్యాయస్థానపు దస్తావేజుల్లో చదవాలని నా వాదన. అక్కడి ప్రతి గొప్ప కట్టడం ముందూ నిలబడి దీనికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, నగరం తన కథను చాలావరకు తానే చెబుతుంది.

ఈ ప్రశ్న అక్కడ ఒట్టోమన్ల కన్నా పాతది. బిథినియా రాజు ప్రూసియాస్ పేరు మీద ఏర్పడిన ప్రూసా పట్టణమే నేటి బుర్సా. రోమన్ల కాలంలో, రెండవ శతాబ్దం తొలి సంవత్సరాలలో, ఆ రాష్ట్రానికి పాలకుడిగా వచ్చిన ప్లినీ అక్కడి స్నానశాల పాడుబడిందనీ, కొత్తది కట్టుకోవడానికి ప్రజలకు అనుమతి ఇవ్వాలనీ చక్రవర్తి ట్రాజన్‌కు లేఖ రాశాడు. కొత్త పన్ను వేయకుండా, అవసరమైన ఇతర ఖర్చులకు కోత పడకుండా కట్టుకోగలిగితే కట్టుకోవచ్చునని చక్రవర్తి బదులిచ్చాడు. వేడినీటి ఊటలు పుష్కలంగా ఉన్న ఊరికి స్నానశాల అలంకారం కాదు, అవసరం. ఆ అవసరానికి ఎవరి జేబు తడమాలన్న చర్చ మాత్రం దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటే రాతలోకి ఎక్కింది.

ఆ ప్రశ్నకు ఒట్టోమన్లు చెప్పిన సమాధానం వక్ఫ్, అంటే ధర్మకార్యాల ఖర్చుకు ఆస్తి ఆదాయాన్ని రాసిచ్చే పద్ధతి. ఏళ్ల తరబడి చుట్టుపక్కల దారులన్నీ బిగించి, చివరికి ఊరు లొంగిపోయేలా చేసిన ఒర్హాన్, కోట లోపల కుదురుగా కూర్చోలేదు. కోట గోడలకు వెలుపల, కింద ఖాళీ నేలలో ఒక మసీదు, పేదలకు వండిపెట్టే వంటశాల, స్నానశాల కట్టించి, వాటి పక్కనే 1339-40 ప్రాంతంలో వర్తకుల కోసం ఒక సత్రాన్ని వెలయించాడు. నేడు ఎమీర్ హాన్ అని పిలిచే ఆ రెండంతస్తుల భవనంలో నడుమ ముంగిలి, కింద సరుకు గదులు, పైన బస గదులు ఉంటాయి. ఆ గదుల అద్దె మసీదు దీపాలకు, వంటశాల గంజికి, బోధించేవారి జీతాలకు చేరేది. మన దేవాలయాలకు రాజులు, సామంతులు మాన్యాలు రాసిచ్చినట్టే ఇదీ ఒక శాశ్వత దానం. అయితే మాన్యం ప్రధానంగా పొలం మీద నిలిస్తే, బుర్సాలో ఆ బరువులో చాలా భాగాన్ని అంగడి మోసింది. మసీదు బాగుండాలంటే బజారు నడవాలి, బజారు నడవాలంటే దారులు క్షేమంగా ఉండాలి, తూకం నిజాయితీగా ఉండాలి. ధర్మానికీ వ్యాపారానికీ వేసిన ఈ ముడి వల్లనే కోట కింద కొత్త నగరం పుట్టింది. 1330లలో ఆ దారిన వెళ్లిన ఇబ్న్ బతూతా విశాలమైన వీధులనూ, మంచి బజార్లనూ చూసి మెచ్చుకున్నాడు.

ఆ తర్వాతి సుల్తానులు ఇదే పద్ధతిని ఒక్కొక్క పేటకూ విస్తరించారు. మొదటి మురాద్ వేడినీటి ఊటలున్న చెకిర్గెలో, బాయెజిద్ తూర్పు దిక్కున, మొదటి మెహ్మెద్ యెషిల్‌లో, రెండవ మురాద్ మురాదియెలో తమ తమ ధర్మసముదాయాలు కట్టించారు, ఒక్కో సముదాయం చుట్టూ ఒక్కో పేట లేచింది. నగర నిర్మాణ చరిత్రలో బుర్సాకు దక్కాల్సిన స్థానం ఈ పద్ధతి వల్ల దక్కాలి. గుమ్మటాల సంఖ్య వల్ల కాదు. గుమ్మటాలకూ కొదవ లేదనుకోండి. 1396లో నికోపోలిస్ యుద్ధంలో గెలిచిన బాయెజిద్ కట్టించిన ఉలు జామీకి (పెద్ద మసీదుకు) ఇరవై గుమ్మటాలు ఉన్నాయి, లోపల పన్నెండు భారీ స్తంభాలు, గోడల నిండా పెద్ద పెద్ద అక్షరాల లిపి కళ, నడిమధ్యన నీటి కొలను. 1402లో అంకారా దగ్గర తైమూరు చేతిలో బాయెజిద్ ఓడిపోయాక బుర్సా దోపిడీకి గురైంది. అయినా ఇరవై ఏళ్లు అటూ ఇటూగా, 1419-24 మధ్య, యెషిల్ జామీ లేచి నిలబడింది. ఆ మసీదు అలంకరణను నడిపిన నక్కాష్ అలీ బుర్సా బిడ్డ. తైమూరు సైన్యం అతన్ని సమర్కందుకు తీసుకుపోగా, అక్కడి శైలిని నేర్చుకుని తిరిగి వచ్చాడు. ఇరాన్‌లోని తబ్రీజు పనివారు చేసిన ఆకుపచ్చ, నీలి పలకల వెనక ఓడిన నగరం గెలిచినవాడి దగ్గర నేర్చుకున్న విద్య ఉంది. మురాదియెలో రెండవ మురాద్ సమాధి మాత్రం వేరు తీరు. వాన తన మట్టి మీద పడాలన్న కోరిక ప్రకారం దాని గుమ్మటం నడుమ ఆకాశానికి తెరిచి ఉంచారు.

ఇవన్నీ అందమైనవే. వీటికి వెల చెల్లించిన పట్టు దగ్గరకు ఇప్పుడు వస్తాను.

పదిహేనవ శతాబ్దంలో కాస్పియన్ సముద్రం దక్షిణపు ఒడ్డున ఉన్న గీలాన్, మాజందరాన్‌ల ముడిపట్టు తబ్రీజు, ఎర్జురుమ్, తోకాత్‌ల మీదుగా బిడార్లలో బుర్సాకు వచ్చేది. ఇటాలియన్ నగరాల వర్తకులు ఉన్ని బట్టలు తెచ్చి పట్టు కొనుక్కుపోయేవారు. ఇరాన్ వర్తకుడికి ఆ ఉన్ని కావాలి, ఫ్లోరెన్స్ మగ్గానికి ఈ పట్టు కావాలి, ఇద్దరూ కలుసుకునే చోటు బుర్సా. వచ్చిన పట్టంతా ప్రభుత్వపు త్రాసులో తూగాలి, తూకానికి సుంకం కట్టాలి. ఆ ఒక్క త్రాసు సుల్తాను ఖజానాకు పెద్ద ఆదాయ మార్గం. 1491లో రెండవ బాయెజిద్ కట్టించిన కోజా హాన్ ఈ వ్యాపారానికి తగిన కట్టడం. రెండు అంతస్తుల గదుల నడుమ పెద్ద ముంగిలి, ఆ ముంగిలి మధ్యలో స్తంభాల మీద నిలిపిన ఎనిమిది మూలల చిన్న మసీదు, దాని కింద నీటి తొట్టి కనబడతాయి. కానీ దాని అద్దె బుర్సాలో మిగల్లేదు. ఇస్తాంబుల్‌లో సుల్తాను కట్టించిన మసీదుకూ, విద్యాలయానికీ పోయింది. ఒర్హాన్ కాలంలో ఊరి అంగడి ఊరి గంజికి పనికొచ్చింది, నూటయాభై ఏళ్లలో అదే పద్ధతి రాజధాని వైభవాన్ని పోషించే కాలువగా మారింది. వక్ఫ్ వ్యవస్థను ఎంత మెచ్చుకున్నా ఈ మలుపును దాచకూడదు.

ఈ సంపద రాజకీయపు మాటకు ఎంత లోబడి ఉండేదో 1514లో తెలిసింది. ఇరాన్ షా ఇస్మాయిల్ మీద యుద్ధానికి దిగిన మొదటి సలీం ఇరాన్ పట్టు వ్యాపారాన్నే నిషేధించాడు. శత్రువు ఆదాయాన్ని దెబ్బతీయాలనుకున్న ఆ నిషేధం బుర్సా మగ్గాలను కూడా దెబ్బతీసింది. 1520లో గద్దెనెక్కిన సులేమాన్ దాన్ని ఎత్తివేయాల్సి వచ్చింది. ఆ మగ్గాల మీద నేసిన మఖమలు, జరీ బట్టలే ఇస్తాంబుల్ అంతఃపురంలో సుల్తానుల అంగీలయ్యాయి, ఐరోపా చర్చిలలో పూజారుల వస్త్రాలయ్యాయి. నాణ్యత పడిపోతోందన్న ఫిర్యాదులు రాగా, 1502లో నేతగాళ్లను, వర్తకులను పిలిపించి విచారించి, పడుగులో దారాలు ఎన్ని ఉండాలో, రంగు ఎలా ఉండాలో నిర్దేశించారు. అదే ఏడు బుర్సా బజారు కోసం విడిగా ఒక చట్టం కూడా వెలువడింది. రొట్టె మొదలుకొని అంగట్లో అమ్మే సరుకుల ధర, నాణ్యత ఎలా ఉండాలో అది చెబుతుంది. కొనేవాడి పక్షాన రాజ్యం నిలబడిన తొలి చట్టాలలో ఒకటిగా టర్కీలో దాన్ని నేటికీ గౌరవంగా తలుస్తారు. ఏ యుద్ధ విజయం కన్నా నాకు అది గొప్పగా కనిపిస్తుంది.

అయితే మగ్గం మీద ఎవరు కూర్చున్నారన్నది కూడా అడగాలి. బుర్సా కాజీ దస్తావేజులు పదిహేనవ శతాబ్దం మధ్య నుంచి మిగిలి ఉన్నాయి. ఒట్టోమన్ నగరాలలో ఇంత పాతవి దొరకడం అరుదు. వాటిలో బానిస నేతగాళ్ల ఒప్పందాలు కనిపిస్తాయి. ఫలానా రకం బట్ట ఇన్ని నేసి ఇస్తే స్వేచ్ఛ ఇస్తానని యజమాని కాజీ ఎదుట ఒప్పుకునేవాడు. ఆ బట్టలు పూర్తయ్యేవరకు ఆ నేతగాడిని అమ్మడానికి వీలులేదు, పూర్తయ్యాక అతడు స్వతంత్రుడు. కొందరు అలా విముక్తులై తామే మగ్గాలు పెట్టుకున్నారు. ఆ ఒప్పందంలో దయ ఉందని కొందరు రాస్తారు. స్వేచ్ఛకు గజాల లెక్కన వెల కట్టిన చోట దయ అన్న మాట వాడడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ మనుషుల పేర్లు కాగితం మీద మిగిలాయి, అందుకు ఆ దస్తావేజులకు మనం రుణపడి ఉండాలి.

ఆ దస్తావేజులలోనే మన దక్కను జాడ ఉంది. 1480 ప్రాంతంలో బహమనీ రాజ్యపు వజీరు మహమూద్ గవాన్ ప్రతినిధులు భారతీయ బట్టలతో బుర్సాకు వచ్చిన సంగతి వాటిలో నమోదైంది. తానే గీలాన్‌లో పుట్టి వర్తకుడిగా దక్కనుకు వచ్చిన గవాన్‌కు పట్టు దారి కొత్త కాదు. రెండవ మెహ్మెద్ సుల్తానుతో ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. పడమటి తీరపు రేవుల నుంచి ఓడలో అరేబియాకు, అక్కడి నుంచి దమాస్కస్‌కు, ఆపైన బుర్సాకు సాగే ఈ దారిలోనే మిరియాలు, నీలిమందు, లక్క కూడా ప్రయాణించాయి. బుర్సా మఖమలుకు ఎరుపు అద్దిన రంగులలో మన వైపు లక్క ఒకటి. బీదరులో గవాన్ 1472లో కట్టించిన మదరసా గోడలకు మిగిలిన నీలి పలకలను చూసినవారు యెషిల్ పలకల చిత్రాలను చూస్తే, రెండూ ఇరాన్, మధ్యాసియాల ఒకే సంప్రదాయపు సంతానమని వెంటనే పోల్చుకోగలరు. ఆ గవాన్‌నే, ఓఢ్ర గజపతికి రాసినట్టు సృష్టించిన దొంగ లేఖను నమ్మి, కొండపల్లి దగ్గర విడిది చేసిన సుల్తాను మూడవ ముహమ్మద్ షా 1481 ఏప్రిల్‌లో చంపించాడు. కృష్ణ ఒడ్డున చనిపోయిన మనిషి సరుకు బుర్సా అంగట్లో బేరమాడబడిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో రెండు వాక్యాలకైనా నోచుకోవాలి. కొండపల్లి అంటే మనకు బొమ్మలు, కోట గుర్తొస్తాయి, ఈ వ్యాపారపు దారి గుర్తు రావడం లేదు.

ఇరాన్ పట్టు క్రమంగా అలెప్పో, ఇజ్మీర్ వైపు మళ్లాక బుర్సా చేతులు ముడుచుకు కూర్చోలేదు. చుట్టుపక్కల మైదానంలో మల్బరీ తోటలు వేసి తానే పట్టుపురుగులను పెంచడం నేర్చుకుంది. పంతొమ్మిదవ శతాబ్దం నడుమ ఆవిరితో నడిచే దారం తీత కర్మాగారాలు వచ్చాయి, ఫ్రాన్స్‌లోని లియోన్ మగ్గాల కోసం అక్కడ దారం తీసేవారు. 1855 భూకంపాలు నగరాన్ని కూల్చినా, 1860లలో పట్టుపురుగుల జబ్బు గూళ్లను నాశనం చేసినా ఈ పని ఆగలేదు. ఒట్టోమన్ ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోయి, పట్టు మీద వచ్చే సుంకాన్ని 1881లో విదేశీ రుణదాతల సంస్థకు అప్పగించాక ఒక వింత జరిగింది. తమ బాకీ వసూలు కావాలంటే గూళ్లు పెరగాలని గ్రహించిన ఆ సంస్థ, సూక్ష్మదర్శినితో జబ్బులేని గుడ్లను ఎంచే, ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్తర్ పద్ధతిని ప్రోత్సహించింది. 1888లో బుర్సాలో పట్టు విద్యాలయం మొదలైంది. ఫ్రాన్స్‌లో ఆ శాస్త్రం చదివి వచ్చిన అర్మేనియన్ కెవోర్క్ తోర్కొమ్యాన్ దాన్ని నడిపాడు.

ఆ కర్మాగారాలలో పనిచేసినవారిలో అత్యధికులు ఆడవారు, బాలికలు. అర్మేనియన్లు, గ్రీకులు, తుర్కులు అందరూ ఉన్నారు. మరిగే నీటి తొట్టిలో గూళ్లు వేసి, కొస పట్టుకుని, ఆవిరి కమ్మిన గదిలో తెల్లవారుజాము నుంచి పొద్దు గూకేదాకా దారం లాగడం వారి పని. వారి కూలీ తక్కువ, చేతులు ఎప్పుడూ నానిపోయి ఉండేవి. హిందూపురం గూళ్ల మార్కెట్ చుట్టుపక్కల రీలింగ్ చేసే కుటుంబాలను ఎరిగినవారికి ఆ వేళ్ల సంగతి వివరించనక్కర్లేదు. 1910లో బుర్సా పట్టు కార్మికులు సమ్మె చేశారు. సామ్రాజ్యపు చరిత్రలో ఇది చిన్న అధ్యాయం కావచ్చు, నగరపు చరిత్రలో మాత్రం ఇది సుల్తానుల పట్టాభిషేకాలతో సమానమైన సంఘటన అని నా అభిప్రాయం.

ఆ పనివారిలో చాలామంది పదిహేనేళ్లలో అక్కడ లేరు. 1915లో అర్మేనియన్లను ఊళ్ల నుంచి తరిమివేశారు. ఆ బలవంతపు వలస దారుల్లో అసంఖ్యాకులు హతులయ్యారు. 1920 జూలై నుంచి 1922 సెప్టెంబరు వరకు నగరం గ్రీకు సైన్యం ఆక్రమణలో ఉంది. యుద్ధం ముగిశాక 1923 జనమార్పిడి ఒప్పందంతో గ్రీకులు వెళ్లిపోయారు, బాల్కన్ ముస్లింలు వచ్చారు. 1877-78 రష్యా-టర్కీ యుద్ధం తర్వాత వచ్చినవారు, 1950లో, 1989లో బల్గేరియా నుంచి వచ్చినవారు కలిసి నేటి బుర్సా ముఖాన్ని మార్చేశారు. ఇక్కడి సగటు కుటుంబానికి ఎక్కడో పోగొట్టుకున్న ఒక ఊరి జ్ఞాపకం ఉంటుంది. కానీ ఇక్కడి నుంచి పోయినవారి జ్ఞాపకానికి అంత చోటు లేదు. పట్టు నగరమని గర్వంగా చెప్పుకునేటప్పుడు, ఆ పట్టును తీసిన అర్మేనియన్, గ్రీకు స్త్రీలను కూడా అదే గొంతుతో తలచుకోవాలి. అది చేయని వారసత్వ ప్రదర్శన అసంపూర్ణమని నేను గట్టిగా నమ్ముతాను.

టర్కీ గణతంత్ర రాజ్యం పాత నైపుణ్యాన్ని కొత్త యంత్రాల మీదికి మళ్లించింది. 1938 ఫిబ్రవరిలో గణతంత్ర స్థాపకుడు అతాతుర్క్ చేతుల మీదుగా మెరినోస్ ఉన్ని కర్మాగారం మొదలైంది, 2004లో మూతపడింది, ఇప్పుడు దాని స్థలంలో సభాభవనం, వస్త్ర ప్రదర్శనశాల ఉన్నాయి. 1940లలో కవి నాజిం హిక్మెత్ పదేళ్ల పాటు బుర్సా జైలులో ఉన్నాడు. ఆయన అక్కడ మగ్గం వేసుకుని బట్ట నేసి ఇంటికి డబ్బు పంపే ప్రయత్నం చేశాడన్న సంగతి చదివినప్పుడు, ఈ నగరం తన ఖైదీకి కూడా తన వృత్తినే నేర్పిందనిపించింది. 1960లలో దేశంలోనే తొలి వ్యవస్థీకృత పారిశ్రామిక వాడ ఇక్కడ ఏర్పడింది. 1971లో తోఫాష్, ఒయాక్ రెనో కర్మాగారాల నుంచి కార్లు రావడం మొదలైంది. 2022లో గెమ్లిక్ దగ్గర తోగ్ విద్యుత్ కార్ల కర్మాగారం తెరుచుకుంది. 2015 మేలో జీతాల కోసం, తమ సంఘాన్ని తామే ఎంచుకునే హక్కు కోసం వేలాది కార్మికులు రెనో కర్మాగారంలో పని ఆపగా, అది ఇతర కర్మాగారాలకూ పాకింది. 1910 నాటి తొట్టి దగ్గరి స్త్రీలకూ ఈ యువకులకూ మధ్య నూరేళ్ల దూరం ఉంది, అడిగిన ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే.

ఈ పరిశ్రమ ముప్పై లక్షల పైచిలుకు జనమున్న రాష్ట్రాన్ని పోషిస్తోంది, దాని మూల్యమూ తక్కువ కాదు. పీచ్ పండ్లకు, మల్బరీకి పేరుపడిన మైదానంలో చాలా భాగం షెడ్ల కిందికి, ఇళ్ల కిందికి పోయింది. నిలుఫర్ వాగు అద్దకపు నీటితో, తోళ్ల పరిశ్రమల నీటితో రంగు మారింది. ఒర్హాన్ భార్య పేరున్న వాగుకు ఆ గతి పట్టించి, ఒర్హాన్ సమాధికి మెరుగులు దిద్దడం నాకు బాధ కలిగిస్తుంది. పాత నగరం నడిబొడ్డుకు దగ్గరగా దోవాన్‌బెయ్‌లో నిలబెట్టిన ఎత్తైన గృహ సముదాయం, ఊరి గుమ్మటాల వరుసకు అడ్డుగోడ కట్టింది. కోజా హాన్‌లో నేడు పట్టు కండువాల దుకాణాలున్నాయి, ముంగిట్లో చెట్ల కింద టీ తాగుతూ కూర్చునే జనం ఉన్నారు, కానీ చైనా చౌక పట్టు దెబ్బకు చుట్టుపక్కల పల్లెల్లో గూళ్ల పెంపకం కొద్దిపాటికి కుదించుకుపోయింది. అదే దెబ్బ అనంతపురం, చిత్తూరు రైతులూ తిన్నారు కనుక దాని బరువు నాకు తెలుసు.

ఉలుదాగ్ కొండ ఉత్తరపు వాలులో ఉన్న జుమాలికిజిక్ గ్రామం ఈ వాదనకు సరైన ఉదాహరణ. రాళ్లు పరిచిన ఇరుకు వీధులు, కర్ర, ఇటుక, మట్టితో కట్టిన పాత ఇళ్లు చూడడానికి నేడు సందర్శకులు వస్తారు, ఇళ్ల ముంగిళ్లలో గృహిణులు రొట్టెలు కాల్చి ఫలహారం పెడతారు. ఈ ఊరు ఒర్హాన్ ధర్మసముదాయానికి రాసిచ్చిన వక్ఫ్ గ్రామం. దీని ఆదాయం నగరంలోని మసీదుకూ వంటశాలకూ పోయేది. యునెస్కో జాబితాలో ఈ రెంటినీ కలిపి చేర్చడానికి కారణం ఆ బంధమే. అప్పట్లో పల్లె నగరాన్ని పోషించింది. ఇప్పుడు నగరపు పేరుకు వచ్చే సందర్శకుల సొమ్ములో ఎంత ఆ పల్లె ఇళ్ల పైకప్పులకు, మట్టి గోడల మరమ్మతుకు చేరుతోందన్నది నగరపాలక సంస్థ ఏటా లెక్క కట్టి, ఎమీర్ హాన్ ముంగిట్లో అందరూ చదివేలా ప్రకటించాలి.